తడి ఆరలేదు

గోధుమ పిండిని ఏడు రోజులు నానేసి
పైకి తేరిన పులుపుని వంచి పారబోసి
చిటికెడు పటిక, నాలుగు చుక్కల మిరియాల నీళ్లు.
నా చేతి గంజిలో పురుగు పడదు.
సూఝౌలో మా గురువు చీ బోరెన్
వేలితో నాకి చూసేవాడు, పులిస్తే చెంప పగలగొట్టేవాడు.
ఆ చెంపతోనే వచ్చాను చక్రవర్తి కొలువుకి.

ఉత్తరపు వసారాలో, ఎర్ర లక్క బల్ల మీద
మంచు కురిసే నది.
యెన్ ఝుషీ గీశాడట, నాలుగు వందల ఏళ్ల కింద.
గీశాడు అనకూడదు నిజానికి.
ఒక పడవ, ఒక తెడ్డు, గడ్డిటోపీ ముసలాడు.
తక్కినదంతా గీయకుండా వదిలేశాడు.
ఆ వదిలేసిందే మంచు.

ప్రభువుకి ఆ బొమ్మంటే ప్రాణం.
ఏటా తొలిమంచు పడగానే తెప్పించుకుంటాడు,
ఆకాశంలో ఒక పద్యం రాస్తాడు,
పద్యం కింద ఒక ముద్ర, పద్యం నెత్తిన మరో ముద్ర.
ఇంగిలీకం, ఆముదం, మాచిపత్రి పీచు
కలిపి నూరేది పక్క గదిలో షువాన్ అనే కుర్రాడు;
వాడి గోళ్లు పండగనాటి గుమ్మాల్లా ఎప్పుడూ ఎర్రన.
ముప్పై నాలుగు శీతాకాలాలు.
లెక్కపెట్టాను: ముద్రలు తొంభై ఒకటి.
ముసలాడి మీద కురిసేది మంచా, నెత్తురా
అని షువాన్ ఒకసారి అడిగాడు.
నోరు ముయ్యమన్నాను.
గోడలకి చెవులుంటాయి;
ఇక్కడి గోడలకి జీతాలు కూడా ఉంటాయి.

ఈ ఏడు బొమ్మ నడుం విరిగింది.
నీళ్లు చిలకరించి, బోర్లా పడుకోబెట్టి
వెనకనున్న పాత కాగితాల్ని పొరపొరగా ఊడదీయాలి.
అన్నిటికన్నా లోపలిదాన్ని మాత్రం తాకకూడదు,
పనివాళ్లం దాన్ని ప్రాణకాగితం అంటాం.
అది చిరిగితే బొమ్మ పోతుంది,
బొమ్మ వెనకాలే మేమూ.
మునివేలితో, ఊపిరి బిగబట్టి
బియ్యపుగింజంత, బియ్యపుగింజంత,
రెండు రోజులు.

రెండో మధ్యాహ్నం కనబడ్డాయి
ప్రాణకాగితం వీపున, చీమల్లాంటి అక్షరాలు:
“వాన. గంజి ఆరడం లేదు.
పిల్లదానికి జ్వరం తగ్గింది. మియావ్ షెంగ్.”
ఏ రాజు కాలమో రాయలేదు.
దస్తూరీ బాగోలేదు.
తగ్గింది అన్నచోట మాత్రం
కుంచె కాస్త ఎగిరింది.

కొత్త కాగితాలు వేసి బొమ్మని బల్లకెక్కించిన రాత్రి
ప్రభువే వచ్చాడు.
దీపం పట్టేవాడొక్కడు వెంట.
మామూలు దూదికోటు, చలికి చేతులు లోపలికి దోపుకుని.
ముసలాడయ్యాడని
తలెత్తకుండానే తెలిసింది, చెప్పుల ఈడ్పులో.
“ఇంకా చోటుందా?” అన్నాడు.

ఉంది.
పడవ కింద, అరచేతి మేర, నీళ్లు.
ఒక్క గీతైనా లేని నీళ్లు.

నుదురు నేలకానించి అన్నాను:
“అక్కడ తడి ఆరలేదు ప్రభూ.”
గంజి సంగతే అన్నాను.
ఆయన చాలాసేపు నిలబడ్డాడు.
“నది కదా,” అన్నాడు, “ఎలా ఆరుతుంది?”
దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

రేగుపూలు రాలకముందే గంటలు మోగాయి.
శోకదినాల్లో ఎరుపు కూడదు.
షువాన్ గోళ్లు మొదటిసారి తెల్లబడ్డాయి,
వాటిని వాడే గుర్తుపట్టలేకపోయాడు.
కొత్త ప్రభువుకి ఇరవై ఏళ్లుంటాయేమో.
తండ్రికి ఇష్టమైన బొమ్మ తెమ్మన్నాడు.
అప్పటికి తడి ఆరింది, అబద్ధానికి దారి లేదు.
సరిగ్గా పడవ కిందే వేశాడు ముద్ర,
నీలిమందుతో.
చెయ్యి వణికి వంకరపడింది.

బల్లకి మూడడుగులు వెనక్కి జరిగి చూశాను.
నీళ్లలో చేప.
నాలుగు వందల ఏళ్లుగా ఊరికే కూచున్న ముసలాడు
ఇప్పుడు దేన్నో చూస్తున్నట్టున్నాడు.

మియావ్ షెంగ్ మాట పక్కన నేనేం రాశానో చెప్పను.
పైన మూడు పొరలు అంటించేశాను.
మరో మూడొందల ఏళ్లకి
ఎవడో మునివేలితో తెరుస్తాడు.
గంజి పులిసిందో లేదో
వాడే నాకి చెప్పాలి.